మామగారి బండి ముందు, అల్లుడి బండి వెనక

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో రెండే మాటలు: పికప్పు, టాప్ స్పీడు. అన్నం దగ్గర అవే, ప్రార్థనకి మోకరించబోయే ముందు అవే, ఆమెన్ అన్న మరుక్షణం అవే. కాలు నొక్కగానే బండి ఎంత చురుగ్గా అందుకుంటుందో అది పికప్పట. ఇంక నా వల్ల కాదు మహాప్రభో అని బండి చేతులెత్తేసే చోటు టాప్ స్పీడట. నేను ఏ.ఎన్.ఎం.ని. టీకాల పెట్టె ముందు పెట్టుకుని, స్కూటీ మీద మలికిపురం చుట్టుపక్కల కాలవగట్లన్నీ తిరిగినదాన్ని. నా స్కూటీ టాప్ స్పీడెంతో ఈనాటికీ నాకు తెలీదు. ఏ గట్టు మీద ఏ వేళప్పుడు గేదెలు అడ్డం వస్తాయో తెలుసు. నాకది చాలింది.

మా ఆయనకి చాలలేదు.

మా ఆయన కృపానందం మాస్టారు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి ఆ జనవరిలోనే రిటైరయ్యారు. సర్వీసంతా సైకిలు మీదే గడిచింది, ఆఖర్న ఓ పాత స్కూటరు. క్లాసులో మాత్రం రోజూ కార్లే. "నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన ఒక కారు..." అంటూ లెక్క మొదలెట్టేవారు. అలా నల్లబల్ల మీద ఎన్ని కార్లని బయలుదేరదీశారో ఆయనకే గుర్తుండదు. రిటైరయ్యాక ఒక నిజం కారు కొన్నారు. బూడిద రంగుది, చిన్నది, ముచ్చటగా ఉంటుంది. ఏ కంపెనీదో చెప్పను. మా అల్లుడి ఎర్రబండి ఏ కంపెనీదో కూడా చెప్పను. మా ఇంటి గొడవలో వాళ్ళ తప్పేమీ లేదు.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందురోజు కొత్త బండికి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరు దానం అయ్యగారు వచ్చి, బానెట్టు మీద చెయ్యి వేసి, ఈ బండి ఎక్కినవాళ్ళనీ దీనికి ఎదురొచ్చినవాళ్ళనీ కూడా కాపాడమని ప్రార్థించారు. మా మాస్టారి డ్రైవింగు ఆయన అప్పటికే ఒకసారి చూసి ఉన్నారు. సంఘం పెద్దలొచ్చారు, వియ్యాలవారొచ్చారు. మా అమ్మాయి కరుణ, అల్లుడు రాజ్ కుమార్ రాజోలు నుంచి పొద్దున్నే వచ్చేశారు. అతనికి ఇష్టమని రొయ్యలు మామిడికాయ వండాను. పెరట్లో మా చెట్టు ఆ ఏడు విరగకాసింది.

భోజనాల దగ్గర రాజ్ కుమార్ పళ్ళెం పట్టుకుని బండి చుట్టూ తిరిగి చూశాడు. మంచి పిల్లాడే. అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం. నలుగురిలో నవ్వించాలన్న సరదా మాత్రం కొంచెం ఎక్కువ.

"మామయ్యగారండీ, బండి బ్రహ్మాండంగా ఉందండి. కాపోతే పికప్పే కొంచెం తక్కువండి. సున్నా నుంచి వందకెళ్ళడానికి దీనికి పదిహేను సెకన్లండి. మాదానికి పదకొండేనండి" అన్నాడు.

"త్వరణం గురించి నాకే చెబుతున్నారా రాజ్ కుమార్ గారూ?" అన్నారు మా మాస్టారు నవ్వుతూనే. "అదొక్కటే చూస్తే ఎలాగండీ? గరిష్ఠ వేగం చూడాలి. దీనిది నూట అరవై."

"మాది నూట ఎనభైయండి."

సంఘ పెద్ద మత్తయిగారు ఫక్కున నవ్వేశారు. ఆ నవ్వు మా అల్లుడికి సారాలాగా ఎక్కింది. "ఈ బండి వందకెళ్ళేలోపు మాస్టారికి రెండో రిటైర్మెంటు కూడా వచ్చేస్తుందండి!" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. అయ్యగారు తువ్వాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. ఒక్క మా మాస్టారు నవ్వలేదు. జీవితంలో మొదటిసారి కొనుక్కున్న కారు, దాని మీద ఇంకా ప్రార్థన తడి ఆరలేదు, అందరూ నవ్వారు.

"నీకు తొందరెక్కువ" అన్నారాయన. మీరు పోయి నువ్వు వచ్చింది. "పెళ్ళైన ఐదేళ్ళలో మూడు ఉద్యోగాలు మారావు. పికప్పుంది. ఎటు పోవాలో తెలీదు."

వియ్యంకుడుగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయారు. రాజ్ కుమార్ మొహం కందగడ్డలా అయింది. పళ్ళెం అరుగు మీద పెట్టేశాడు. రొయ్యలు ముట్టుకోనే లేదు. చెయ్యి కడుక్కుని, "వందనాలండి అయ్యగారూ" అని ఆయనకి మాత్రం చెప్పి బండెక్కాడు. కరుణ నాకేసి చూసి, వాళ్ళ నాన్నకేసి చూసి, సంచి తీసుకుని వెనకాలే పరిగెత్తింది. ఎర్రబండి మా సందు దాటి వెళ్ళిపోయింది.

అంతకుముందు ప్రతి ఆదివారం చర్చి అవగానే వాళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చేవారు. నలుగురం కలిసి తినేవాళ్ళం. సాయంత్రందాకా మామా అల్లుళ్ళు వీధరుగు మీద కూర్చుని ప్రపంచంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకునేవారు. మా మాస్టారికి కొడుకు లేడు. లేడన్న సంగతి ఆ ఆదివారాల్లో ఆయనకి గుర్తుండేది కాదు. ఇప్పుడు మట్టల ఆదివారం వచ్చింది, ఈస్టరు వచ్చింది, మామూలు ఆదివారాలూ వచ్చాయి. వాళ్ళు రాలేదు. నా చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ నలుగురికీ సరిపడా బియ్యం పోసేసేది. మిగిలిన అన్నం రాత్రికి, మళ్ళీ మర్నాడు చద్దన్నంగా తినేవాళ్ళం.

"ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడండి. మీ నోరేం పడిపోదు" అనేదాన్ని.

"పెద్దవాణ్ణి నేను ప్రసన్నా" అనేవారు.

అక్కడ కరుణ అడిగితే, "అల్లుణ్ణి నేను" అనేవాడట అతను. ముల్లు ఆకు మీద పడ్డా, ఆకు ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. ఆ ఆకు నా కూతురు.

వీళ్ళకి పట్టిన పిచ్చి ఏమని చెప్పను! ఒకరోజు సాయంత్రం కరుణతో ఫోన్లో మాట్లాడుతున్నాను. పక్కన మా మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని సెల్లులో వీడియో చూస్తున్నారు. ఎవరో కుర్రాడు రెండు బళ్ళనీ ఎక్కడో విశాలమైన రోడ్డు మీద పక్కపక్కన పెట్టి, "ఇప్పుడు చూద్దాం ఫ్రెండ్స్, దేని పికప్పు ఎక్కువో!" అంటున్నాడు. ఆ గొంతే నా చెవిలో కూడా వినపడింది, కరుణ ఫోన్లోంచి.

"అదేంటే, మీ ఇంట్లోనూ అదేనా?"

"అదేనమ్మా. అన్నం తినమంటే వినట్లేదు."

ఇక్కడ మామ, అక్కడ అల్లుడు, ఒకే వేళప్పుడు ఒకే వీడియో. ఒకరితో ఒకరికి మాటల్లేవు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఇంతా చేసి మా బండి షెడ్డులో పరదా కప్పుకుని ఉండేది. ఆదివారం చర్చికి తీసేవారు. గేటులోంచి బయటికి రావడానికే ముందుకీ వెనక్కీ ఊగులాడాలి. రోడ్డెక్కాక ముప్పై. మా వెనక సైకిలు బెల్లులు వినపడేవి. ఏమైనా అంటే, "నూట అరవై పోగలదు. పోవాల్సిన అవసరం లేదు" అనేవారు.

చెట్టున మామిడికాయలు ముదిరిపోతున్నాయి. కాయలు కోసే మనిషి వచ్చి, ఇంక ఉంచితే పండిపోతాయమ్మా అన్నాడు. అన్నీ కోయించాను. నీడనున్న ఒక్క కొమ్మ మాత్రం వదిలెయ్యమన్నాను.

"అదెందుకండమ్మా?"

"ఉండనీ. పనుంది" అన్నాను.

మే నెల నడిమధ్య నర్సాపురంలో మా మాస్టారి మేనల్లుడి పెళ్ళి. మా ఇద్దరికీ శుభలేఖ వచ్చింది, వాళ్ళిద్దరికీ విడిగా వచ్చింది. చించినాడ వంతెన మీంచి వెళ్తే చుట్టు. సఖినేటిపల్లి రేవులో, కార్లని కూడా దాటించే పెద్ద పడవ, అదే పంటు, ఎక్కితే గోదారి దాటగానే నర్సాపురమే. ఆటోలో పోదామండీ అన్నాను. "సొంత బండుండగా ఆటో ఏమిటి?" అని ఆయన పరదా తీశారు.

మలికిపురం సెంటరు దాటాక అద్దంలో చూసి మా మాస్టారు నిటారుగా కూర్చున్నారు. తిరిగి చూశాను. వెనక ఎర్రబండి. స్టీరింగు దగ్గర రాజ్ కుమార్, పక్కన కరుణ. అన్ని వారాల తర్వాత నా కూతురి మొహం అలా అద్దాల్లోంచి చూశాను.

రెండో పంట, అదే దాళ్వా, కోతలు అయిపోయిన రోజులు. కళ్ళాల్లో చోటు చాలక రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు. మిగిలిన సగంలోనే బళ్ళు పోవాలి. మా మాస్టారు ముప్పైలో పోతున్నారు. చోటు దొరికినచోట పక్కకి తప్పుకుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ముందుకి పొమ్మని ఊపారు.

"పోనీ, పికప్పున్నవాళ్ళని" అన్నారు నాతో.

ఎర్రబండి పోలేదు. అదీ తగ్గింది. మా మాస్టారు ఇంకా తగ్గించారు. అదీ ఇంకా తగ్గింది. దాని వెనక ఆటోలు, కొబ్బరికాయల వ్యాను, పాసింజర్లతో బస్సు. హారన్లు మోగిపోతున్నాయి. నేను కరుణకి ఫోన్ చేశాను.

"దాటెయ్యమనవే! వెనక జనం తిట్టిపోస్తున్నారు."

"నేనూ అదే చెప్పేనమ్మా. మామయ్యగారి బండిని దాటితే బాగోదంటున్నారు."

"మాట్లాడని మామకి మర్యాదేంటే?"

"మాటలు వేరు, మర్యాద వేరంటమ్మా."

ఫోను స్పీకరులో ఉంది. మా మాస్టారు విన్నారు. గొంతు సవరించుకుని, "ఎంతలో వస్తున్నాడంట?" అని అడిగారు.

"మీరెంతలో పోతే అంతలో."

ఆయన అద్దంలోకి ఇంకోసారి చూశారు. ఈ గొడవ మొదలయ్యాక మొదటిసారి నాకు కొంచెం ఆశ పుట్టింది.

అంతలో కొబ్బరికాయల వ్యాపారం చేసే అబ్బులు ఎదురొచ్చి చెయ్యెత్తాడు. మనిషి పలకరిస్తే ఆగకుండా పోవడం మావాళ్ళ రక్తంలో లేదు. మా మాస్టారు నడిరోడ్డు మీద ఆపేశారు. వెనకున్నవన్నీ ఆగాయి.

"ఎక్కడికండీ మాస్టారూ, ఇంత ఎండలో?"

"ఆయ్, నర్సాపురం, పెళ్ళికండి."

అబ్బులు నాలుగడుగులు వెనక్కి నడిచి ఎర్రబండి కిటికీలోకి వంగాడు. "ఏవండీ అల్లుడుగారూ, తమరెక్కడికండీ?"

"నర్సాపురమేనండి. పెళ్ళికి."

అబ్బులు ముందు బండినీ వెనక బండినీ ఎగాదిగా చూశాడు. "మరి రెండు బళ్ళెందుకండీ?" అని గట్టిగా అడిగాడు. ముందు బండిలో మా మాస్టారు గేరు వేశారు, వెనక బండిలో అల్లుడూ వేశాడు. బస్సు డ్రైవరు హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

రేవుకి చేరేసరికి గోదారి పాటు మీదుంది. నీళ్ళు బాగా లాగేశాయి. పోటు మీదైతే పంటు గట్టుతో సమానంగా ఉంటుంది. ఇప్పుడు కిందికి దిగిపోయి ఉంది. ఒడ్డు నుంచి కిందికి జారుడుగా దిగాలి, ఆపైన పంటుకీ ఒడ్డుకీ మధ్య వేసిన ఇనప పలక ఎక్కాలి. ఇటు తప్పితే బురద, అటు తప్పితే నీళ్ళు. బళ్ళు ఎక్కించేటప్పుడు మనుషులు దిగిపోవాలని పంటు నడిపే సరంగు కేకేశాడు. నేను దిగాను. వెనక కరుణ దిగి పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాన్న ఎక్కించగలరా?"

"మన గేటులోంచే రాలేరే" అన్నాను.

మా మాస్టారు దిగుడు దాకా వచ్చారు. పలక కనపడగానే బ్రేకు నొక్కారు. బండి కుదుపు తిని ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పారు, మళ్ళీ ఆగిపోయింది. వెనక మోటారుసైకిళ్ళు, ఆటోలు, పంటు మీద అప్పటికే ఎక్కిన జనం. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

"మాస్టారండీ, తమరు దిగిపోండి. ఎవరన్నా ఎక్కించేస్తారు" అన్నాడు ఒకడు. మంచికే అన్నాడు. ఇంకోడు ఎక్కించడానికి ముందుకొచ్చాడు కూడా. ఆయన దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోయింది, తోసుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. పెళ్ళైననాటి నుంచి ఆయన మీద ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. కానీ అంతమందిలో ఆయన అలా చిన్నబోతుంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఎర్రబండి తలుపు తెరుచుకుంది. రాజ్ కుమార్ దిగాడు. అయిపోయింది, ఇప్పుడు అల్లుడొచ్చి మామని దింపి బండి ఎక్కిస్తాడు, ఈయన ఇంక ఈ జన్మలో అతని మొహం చూడరు అనుకున్నాను. రేవులో అందరూ అదే అనుకుని ఉంటారు.

అతను మా బండి దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, పెళ్ళికని వేసుకున్న కొత్త బూట్లతో బురదలో దిగి, పలక ఎక్కి పంటు మీద నిలబడ్డాడు. బండికి ఎదురుగా తిరిగి రెండు చేతులూ ముందుకి చాపాడు.

"మామయ్యగారండీ! కింద చూడకండి. నా చేతులు చూడండి."

మా మాస్టారు తలెత్తారు.

"ఫస్టు గేరేనండి. క్లచ్చి మెల్లిగా వదలండి. తొందరేం లేదు. రండి... రండి... ఆయ్... కొంచెం ఎడమకండి. చాలు. రండి."

వెనక ఎవడో హారను కొట్టాడు. "ఉండండి బాబూ! మాస్టారు ఎక్కిస్తున్నారు కదా!" అని రాజ్ కుమార్ అరిచాడు. ఆ అరుపుకి రేవంతా సద్దుమణిగింది.

బండి కదిలింది. చీమ కూడా దాటేసి పోయేంత మెల్లిగా కదిలింది. ముందు చక్రాలు పలకెక్కాయి. పలక మూలిగింది. రాజ్ కుమార్ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు, మా మాస్టారు అతని చేతుల మీంచి చూపు తిప్పకుండా వస్తున్నారు. వెనక చక్రాలు కూడా పంటు మీదకి రాగానే అతను అరచేతులు రెండూ నిలబెట్టి, "అంతేనండి. ఆపెయ్యండి" అన్నాడు. కరుణ నా భుజం మీద తల పెట్టేసి ఏడ్చేసింది. నేను మాత్రం ఏడవలేదు, ఊపిరి తీసుకోవడంలో ఉన్నాను.

రాజ్ కుమార్ వెళ్ళి తన బండి కూడా తెచ్చి పక్కన పెట్టాడు. సరంగు రెండిటినీ ఎంత దగ్గరగా పెట్టించాడంటే, మా మాస్టారి కుడిపక్క తలుపు తెరుచుకోవడానికి చోటు లేదు. అల్లుడు కూడా ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు తన సీట్లోనే ఉండిపోయాడు. పంటు కదిలింది. నేనూ కరుణా రెండు బళ్ళ ముందు కమ్మీ పట్టుకుని, గోదారిని చూస్తున్నట్టు నటిస్తూ చెవులు వెనక్కి పెట్టాం.

రేవు వెనక్కి జరిగింది. తర్వాత మా మాస్టారు అద్దం దించిన చప్పుడు.

"హ్యాండుబ్రేకు వేశారా?"

"వేసేనండి."

"పంటు మీద వెయ్యాలి."

"ఆయ్."

నీళ్ళ చప్పుడు, ఇంజను చప్పుడు.

"నా బండి ఇప్పటిదాకా నలభై దాటలేదు" అన్నారు మా మాస్టారు. "నూట అరవై అన్నది కాగితం మీద మాట."

"మాదీ అంతేనండి మామయ్యగారూ. పదకొండు సెకన్లన్నది వీడియోలో విన్నమాటేనండి. ఇంట్లోంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఇంటికి. ధాన్యం, గేదెలు, స్పీడు బ్రేకర్లు. ఎక్కడ తొక్కుతామండీ?"

"ఇద్దరం చూడనిదాని గురించి ఇంత యుద్ధం చేశామా?"

అల్లుడు నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా చూసి మా మాస్టారు అన్నారు, "ఆ రోజు మీ నాన్నగారి ముందు నీ ఉద్యోగాల సంగతి అన్నాను. తప్పు బాబూ. ఇప్పుడున్నది మంచి ఉద్యోగం. పైకి వస్తావు."

"నాదే తప్పండి. మీరు ముచ్చటపడి కొనుక్కున్న బండి. నలుగురూ నవ్వుతుంటే నోరు ఆగలేదండి." గొంతు తగ్గించి, "ఆదివారాలు ఏం తోచట్లేదండి మామయ్యగారూ" అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే వాళ్ళు మాట్లాడ్డం ఆపేస్తారని భయం.

పెళ్ళి గురించి చెప్పడానికేమీ లేదు. పెళ్ళికొడుకు బాగున్నాడు, ప్రసంగం పొడుగు, బిర్యానీలో ఉప్పు తక్కువ. మామా అల్లుళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నారు. అల్లుడి బూట్లకి బురద అలాగే ఉంది, ఎవరడిగినా కారణం చెప్పలేదు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు మా మాస్టారు, "మళ్ళీ పంటంటే నా వల్ల కాదు. చించినాడ వంతెన మీంచి పోదాం" అన్నారు.

"మామయ్యగారండీ, తమరు మా బండిలో కూర్చోండి. ఆ సెకన్ల సంగతేదో చూసేద్దాం" అన్నాడు రాజ్ కుమార్.

"మరి నా బండో?"

కరుణ చెయ్యి చాపింది. "తాళాలిలా ఇవ్వండి నాన్నా."

"నీకు డ్రైవింగు వచ్చా? ఎప్పుడు నేర్చుకున్నావే?"

"మీరు మా ఇంటికొచ్చుంటే చూసేవారు" అంది నవ్వుతూ. ఆయన తాళాల గుత్తి ఇచ్చేశారు.

అల్లుడు, పక్కన మా మాస్టారు, వెనక నేను. వంతెన మొదట్లో అల్లుడు బండి పూర్తిగా ఆపాడు. ముందూ వెనకా ఖాళీ. గోదారి మీద ఎండ చల్లబడుతోంది. కరుణ ఎక్కడో వెనక, తన పాటికి తను నిదానంగా వస్తోంది.

"వంద వద్దండి మామయ్యగారూ. ఎనభై చాలు."

"చాలు. నిశ్చల స్థితి నుంచి" అన్నారు మా మాస్టారు. క్లాసులోలాగే అన్నారు. చేతి గడియారం కళ్ళ దగ్గరికి పెట్టుకున్నారు. నేను ప్రభువా అనుకుని బెల్టు సరిచూసుకున్నాను.

బండి ఎగిరినట్టు అందుకుంది. "ఒకటి, రెండు, మూడు..." అని గట్టిగా లెక్క మొదలెట్టిన మనిషి సీటుకి అతుక్కుపోయారు. లెక్క ఆగిపోయింది. వంతెన కమ్మీలు గీతల్లా కలిసిపోతున్నాయి.

"ఇదా!" అన్నారు. "ప్రసన్నా, ఇదే! వీపుకి తెలుస్తోందే!"

అంతమంది పిల్లలకి, అన్నేళ్ళు సుద్దముక్కతో త్వరణం చెప్పిన మనిషి. పక్కనుంచి ఆయన చెంప కనపడుతోంది నాకు. కళ్ళజోడు కింద తడిగా ఉంది, నవ్వుతున్నారు. "వీపుకి తెలుస్తుందని నేనెవరికీ చెప్పలేదు" అన్నారు. "పిల్లలకి చెప్పాల్సింది."

వంతెన దిగి దిండి వైపు వచ్చాక అల్లుడు పక్కకి తీసి ఆపాడు. "ఎన్ని సెకన్లండి?"

ఆయన గడియారంకేసి చూశారు, అల్లుడికేసి చూశారు. "లెక్క మర్చిపోయాను బాబూ."

కాసేపు ముగ్గురం నవ్వాం. అప్పుడు అల్లుడు వెనక్కి తిరిగి, ఏదో మాటవరసకన్నట్టు, "అత్తయ్యగారండీ, చెట్టు మీద మామిడికాయలింకా ఉన్నాయాండి?" అన్నాడు.

"ఒక కొమ్మ ఉంచాను బాబూ" అన్నాను.

"అయితే ఇంకోసారి పోనీ" అన్నారు మా మాస్టారు. మామిడికాయలకీ దానికీ సంబంధమేమిటో ఆ దేవుడికే తెలియాలి. అల్లుడు బండి వెనక్కి తిప్పాడు.

సరిగ్గా అప్పుడే కరుణ మా బూడిదబండిలో వంతెన దిగి వచ్చి పక్కన ఆపింది. "ఇటు తిరిగేరేంటి? ఏమైందమ్మా?"

నేను అద్దం దించి తల బయటపెట్టాను. "మీ నాన్న లెక్క మర్చిపోయేరంట! మళ్ళీ వెళ్ళొస్తాం. ఇంటి తాళం ఆ గుత్తిలోనే ఉంది. నువ్వెళ్ళి ఎసరు పెట్టు."

"ఎంతమందికమ్మా?"

జవాబు చెప్పేలోపే అల్లుడు బండి దూకించాడు. సీట్లోకి వెనక్కి పడిపోతూ, గాలిలోకి, నా బలమంతా పెట్టి అరిచాను.

"నలుగురికీ!"